ఉమ్మడి వంటింట్లో పసుపు నీళ్ళు

తొమ్మిదీ ఐదు. కిటికీలోంచి లోపలి గోడగడియారం కనిపిస్తూనే ఉంది. దాన్ని చూడకూడదనుకుంటే ఈ అరుగు మీద అటు తిరిగి కూర్చోవాలి. అటు తిరిగితే గేటు కనిపించదు, గేటు కనిపించకపోతే జైనాబ్ వచ్చేది కనిపించదు. వస్తే కదా. వస్తుందని ఎవరన్నారు, నేనే అనుకుంటున్నాను. పక్కన పన్నెండు క్రేట్ల టమోటాలు. చీకటితోనే లేచి మదనపల్లె మార్కెట్లో ఏరి ఏరి ఎత్తించుకుని, పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా టెంపోలో కుప్పం దాకా తెచ్చాను. ఎండెక్కేలోపు పొయ్యి మీదికి ఎక్కకపోతే సగం నేలపాలే. అయినా ఈ రోజు టమోటాల మీద నాకు దిగులు లేదు, ఆశ్చర్యం, పద్దెనిమిదేళ్ళ కాపురంలో టమోటా మీద దిగులు లేని వేసవి నాకు ఇదే మొదటిది. పది కొడితే జైనాబ్ పేరు కొట్టేస్తారు. అదొక్కటే ఉంది మనసులో.

ఇది యూనివర్సిటీ వాళ్ళ ఉమ్మడి వంటిల్లు. పాత హాస్టల్ మెస్సును బాగుచేసి, పెద్ద గ్యాసు పొయ్యిలు, స్టీలు బల్లలు, ఒక కరెంటు ఓవెను పెట్టి, మాలాగా సొంతంగా తిండి వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళకు వంతులవారీగా ఇస్తారు. పచ్చడి నాది, సమోసాలూ రోట్లూ జైనాబ్‌వి. రోట్లంటే రొట్టెలు కాదు, నెయ్యీ రవ్వా కలిపి కాల్చే బిస్కెట్లు, పీర్ల పండగకు వాళ్ళిళ్ళల్లో చేస్తారు. ఇక్కడ రూల్సు గోడకు అంటించి ఉన్నాయి. తలకు టోపీ పెట్టుకోవాలి, గాజులు తీసెయ్యాలి, పెద్ద పొయ్యి ఒక్కరే వెలిగించకూడదు, ఒకరు వెలిగిస్తే ఇంకొకరు గోడ దగ్గర గ్యాసు వాల్వు మీద చెయ్యేసి నిలబడాలి. అందుకే ఇద్దరిద్దరిని జతకడతారు. ఆఖర్న, వరసగా మూడు వంతులు రాకపోతే పేరు తీసేస్తారు. సొంత వంతు తప్పినా, జత మనిషి వంతు మొదలయ్యే పదిలోపు వచ్చి వాల్వు దగ్గర నిలబడితే వచ్చినట్టే లెక్క. జైనాబ్ రెండు వంతులు రాలేదు. ఈ రోజు మూడోది. ఎందుకు రాలేదో గోడ మీది కాగితానికి తెలియదు, రామచంద్ర సారుకు తెలియదు, నాకు తెలుసు.

రామచంద్ర సారు ఈ వంటింటి ఇన్‌చార్జి, బైరెడ్డిపల్లె మనిషి, మంచివాడే. ఇందాక టీ గ్లాసు పట్టుకొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఎండెక్కుతాండాది అమరావతమ్మా. టమోటాలు మెత్తబడతాయి. పక్కన నేను నిలబడతా, ఎలిగించుకో."

"పది దాకా సూద్దాం సార్."

"ఆయమ్మ వచ్చేటట్టు లేదులేమ్మా. మా ఊరి మాలతి కాచుకోని ఉండాది, రాగి మురుకులు చేస్తాది. ఆయమ్మను నీకు జత వేస్తా. నీ పని యాల ఆగాల?"

నిజమే, నా పని ఎందుకు ఆగాలి? మాలతి బొట్టు పెట్టుకుంటుంది, మాలతి మాంసం వండదు, మాలతితో నాకు ఏ పేచీ ఉండదు. ఎంత సుళువుగా తీరిపోయే సంగతి. ఆ సుళువే నాకు భయమేసింది. పది దాకా చూద్దామని మళ్ళీ అన్నాను, ఆయన నా టీ గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి పోయాడు.

పిల్లలు క్లాసులకు పోతున్నారు, చేతుల్లో పుస్తకాలు, ఒకమ్మాయి జైనాబ్‌దిలాంటి పచ్చ దుపట్టా వేసుకుంది, సగం లేచాను, కాదు, జైనాబ్ కాదు. జైనాబ్ నడక నాకు తెలుసు, కొంచెం ముందుకు వంగి, బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు నడుస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లప్పుడూ అంతే. నేను ఎనభై ఎనిమిదిలో పుంగనూరుకు కోడలిగా వచ్చేసరికి మా వీధి చివర బాబు సాహెబ్ బేకరీ ఉండేది, కట్టెల పొయ్యి, సాయంత్రం నాలుగయ్యేసరికి వీధంతా బన్ను వాసన. ఆయన కూతురు ఈ జైనాబ్. మా పెరటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది, చేతిలో బాదం ఆకు. మా అత్త రెడ్డెమ్మ టమోటా పచ్చడి అంటే ఆ పిల్లకు ప్రాణం. అత్త పైనుంచి గరిటెతో ఆకులోకి వదిలేది, గరిటె ఆకుకు తగలకుండా, వేళ్ళు వేళ్ళకు తగలకుండా, జానెడు ఎత్తునుంచి. పచ్చడి అప్పుడప్పుడు పక్కకు పడేది, పిల్ల దాన్ని మట్టి అంటని వైపు వేలితో తీసుకుని నాకేది. అత్త ఇంత కటువు మనిషేమిటి అనుకునేదాన్ని, మదనపల్లెలో కాలేజీ చదివిన దాన్ని కదా, మా అత్త వేరు నేను వేరు అని నాకు గట్టి నమ్మకం. రంజాన్‌కు వాళ్ళింటి నుంచి కేరియర్లో పాయసం వచ్చేది. "సాయిబుల పాయసం, ఆవుకు పోసేయ్" అనేది అత్త. నేను పెరట్లో కొట్టం వెనక కూర్చుని కేరియరు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. పాపం ఆ ఆవు, దాని పేరు మీద ఎన్ని రంజాన్లు తిన్నానో. అప్పుడు నా గురించి నేను ఎంత గొప్పగా అనుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది, నవ్వు కూడా కాదు.

తొమ్మిదీ ఇరవై. టీ చల్లారింది.

తర్వాత బాబు సాహెబ్ పోయాడు, బేకరీ మూతపడింది, జైనాబ్ పెళ్ళయింది, మొగుడు రిజ్వాన్ బెంగుళూరులో వెల్డింగ్ పని, నెలకోసారి వస్తాడు. మా అత్త కూడా పోయింది, పోయే ముందు పచ్చడి నా చేతిలో పెట్టి పోయింది, పచ్చడితోపాటు ఏమేం పెట్టిందో అప్పుడు నేను చూసుకోలేదు. తొంభైల్లో ధర పడిపోయినప్పుడు రైతులు టమోటా రోడ్డు మీద పారబోస్తే లారీ టైర్లు ఎర్రగా తడిసేవి. ఆ రోడ్డు మీద బస్సులో పోతూ ఏడ్చాను, ఇంత పండును పచ్చడి పెట్టే చేతులు లేవా అని. కుప్పంలో ఇలా వంటిల్లు ఇస్తున్నారని పేపర్లో చూసిన రోజున నేను ముందు పోయింది మా ఆయన దగ్గరికి కాదు, జైనాబ్ దగ్గరికి. "మీ నాయన చేతి రోట్లు నీకొస్తాయి గదా, ఆడ ఓవెను ఉండాదంట, పా" అన్నాను. తన ఫారం నేనే నింపాను. బేకరీ మళ్ళీ తెరవాలని ఆ పిల్ల కోరిక, ఎక్కడ తెరిచినా పైన నాయన పేరే రాయించాలట. వారానికి రెండు రోజులు తొలి బస్సు ఎక్కేవాళ్ళం. పలమనేరు దాటేలోపు నా భుజం మీద నిద్రపోయేది. చొంగ కార్చేది కూడా, నా పమిట తడిసేది, లేపేదాన్ని కాదు. నాకు ఆడపిల్ల లేదు, ఉంటే ఇలాగే భుజం నొప్పి పుట్టించి ఉండేదేమో. ఆ పిల్లంటే నాకు ప్రేమ. ఈ మాట ఇంత సూటిగా ఇప్పుడే అనుకుంటున్నాను, ఇప్పుడు అనుకుని ఏం లాభం.

మొదటి నెల రామచంద్ర సారు నన్ను చంపుకు తిన్నాడు. ఉప్పు ఎంత, కారం ఎంత, గ్రాముల్లో రాసివ్వాలి. గ్రాములు నాకేం తెలుసు, పిడికిలికి తెలుసు అన్నాను. "అయితే ఆ పిడికిలిని కాటా మీద పెట్టమ్మా" అన్నాడు. రోషం వచ్చి ఫారం చింపేద్దామనుకున్నాను. జైనాబ్ ఏం చేసిందంటే, నేను ఉప్పు పిడికిట పట్టిన ప్రతిసారీ "ఆగక్కా" అని నా చేతి కింద గిన్నె పెట్టి, తూచి, రాసుకుని, మళ్ళీ గిన్నె నాకిచ్చేది. ఎనిమిది వంతులు, నలభై పిడికిళ్ళు. "అక్కా, కోపంగా ఉన్నప్పుడు నీ పిడికిలి పెద్దదయితాది, ఉప్పెక్కువ పడతాది" అని నవ్వేది. చివరికి సగటు తీసి తన గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. మా అత్త పచ్చడి కొలతలు కాగితం మీద ఉన్నాయంటే ఆ పిల్ల పుణ్యమే.

అలాంటి పిల్లను. తొమ్మిదీ ముప్పై రెండు.

సరే, ఆ రోజు సంగతి. తప్పించుకోలేను, గంటసేపు ఈ బండ మీద కూర్చున్నదే అందుకు. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా జైనాబ్ వంతు, పదికి నాది, మధ్యలో అరగంట శుభ్రానికి. నా వంతు వస్తుందని ఆమె పొయ్యీ బల్లా సబ్బుతో రెండుసార్లు కడిగేది, రూలు ఒక్కసారే. ఆపైన ఊదుబత్తి వెలిగించి కిటికీలో గుచ్చేది. ఆ రోజు ఖీమా సమోసాలు వేసింది. కడిగింది, తుడిచింది, ఊదుబత్తి వెలిగించింది, చెత్త పారేసి వస్తానని బయటికి పోయింది. నేను లోపలికి వచ్చాను. గ్లాసులో నీళ్ళు పట్టాను, చిటికెడు పసుపు వేశాను, వేళ్ళతో కలిపి పొయ్యి మీద చల్లాను, బల్ల మీద చల్లాను, ఆమె నిలబడిన చోట నేల మీద చల్లాను. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే నోరు తెరిచాను.

"అలవాటు జైనాబ్. పొయ్యికి పసుపు పెట్టేది మాకు అలవాటు."

"పుంగనూర్లో మీ వీధిలోనే గదక్కా నేను పుట్టింది. పొయ్యికి బొట్టు పెట్టేది యాలకో నాకు తెలుసు. నీళ్ళు చల్లేది యాలకో కూడా తెలుసు."

అంతే. టోపీ తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది. నా పొయ్యి వెలిగేదాకా వాల్వు దగ్గర నిలబడింది, తన పని తాను చేసింది, తర్వాత పోయింది. సాయంత్రం బస్సులో నా పక్క సీటు ఖాళీ.

ఆమెకు తెలుసు. పొయ్యికి పసుపు రాసి బొట్టు పెడితే అది మర్యాద. పసుపు నీళ్ళు చల్లితే అది మైల కడగడం. చావింటి మనిషి వచ్చిపోతే మా అత్త చల్లేది, జైనాబ్ ఆకు పట్టుకుని నిలబడిన చోట కూడా చల్లేది, పిల్ల వీధి మలుపు తిరిగేదాకా ఆగి. మా అత్త కనీసం అంతదాకా ఆగేది. ఈ తేడా తెలియని ఊరి మనిషికైతే నా అలవాటు కథ చెల్లేది. ఈ పిల్ల దగ్గర చెల్లదు, చెల్లదని తెలిసీ చెప్పాను. మాంసం వాసన వచ్చింది, అందుకే చేయి దానంతటదే పోయింది అని రెండు రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. సబ్బు వాసన, ఊదుబత్తి వాసన తప్ప ఇంకేమీ లేదు ఆ గదిలో. మా ఇంట్లో నేను నెలకు రెండుసార్లు కోడికూర వండుతాను, వండి ఏ పొయ్యి మీదా నీళ్ళు చల్లలేదు. వాసన కాదు, కూర కాదు. ఆ పిల్లే. నా భుజం మీద నిద్రపోయే పిల్ల. ఆ ప్రేమ పక్కన ఈ మైల మాట ఎలా నిలబడుతుందో నాకే తెలియడం లేదు.

తొమ్మిదీ నలభై నాలుగు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరినో ఆపి మాట్లాడుతున్నాడు, కాదు, గ్యాసు సిలిండర్ల బండి.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి పోయాను. అంతకుముందు ఒకసారి మలుపు దాకా పోయి, చింతపండు కొనుక్కుని వెనక్కి వచ్చేశాను, అవసరం లేని చింతపండు. నిన్న గుమ్మం దాకా పోయాను. జైనాబ్ తల్లి హఫ్సా కుట్టుమిషను మీద నుంచి లేచి, ఒక్క క్షణం నా మొహం చూసి, "రామ్మా అమరావతమ్మా, కూసో, సోడా తెప్పిస్తా అంగట్లో నుంచి" అంది. పద్దెనిమిదేళ్ళుగా ఒకే వీధిలో ఉంటున్నాం. మేము వాళ్ళింట్లో నీళ్ళు తాగమని వాళ్ళకు తెలుసు, అందుకని మాకు ఇబ్బంది కలగకుండా, అవమానం తమకు కాకుండా, అంగడి సోడా. ఎంత నేర్పుగా బతికారు వీళ్ళు మా మధ్య. "టీ పెట్టు హఫ్సక్కా" అన్నాను. ఆమె చేయి గాల్లోనే ఆగిపోయింది. టీ వచ్చింది, అల్లం ఎక్కువైంది, గొంతు మండింది, అడుగుదాకా తాగాను. తాగి ఏదో ఘనకార్యం చేసినట్టు కూర్చున్నాను. లోపలి గదిలో జైనాబ్ ఉంది, పరదా కింద కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళకు వినపడేటట్టు "రేపు పదికి ఆఖరంట, పేరు కొట్టేస్తారంట" అని మాత్రం చెప్పాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. "ఇది నన్ను కూడా రానియ్యడం లేదమ్మా లోపలికి, ఏమైందని అడిగితే చెప్పదు" అంది హఫ్సా. చెప్పలేదట. తల్లికి కూడా చెప్పలేదట. నా పరువు కాపాడిందో, తన పరువే కాపాడుకుందో.

తొమ్మిదీ యాభై. రామచంద్ర సారు రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు, కిటికీలోంచి కనిపిస్తున్నాడు. నేను లేచి, సార్, తప్పు నాది, ఆమె పేరు తియ్యొద్దు అని చెప్పొచ్చు. చెబుతాను. కానీ ఆయనకు చెప్పడం కాదు కదా, ఆయనకేం, ఆయన మీద నేను నీళ్ళు చల్లలేదు. ఇంకొకటి ఉంది. అన్నీ ఒప్పుకున్నాను, ఇంకొకటి మాత్రం ఇందాకటి నుంచి పక్కనుంచి పోతున్నాను. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది అన్నాను కదా. అప్పటికి పొయ్యి మీదా బల్ల మీదా చల్లడం అయిపోయింది. నేల మీద చల్లలేదు ఇంకా. గుమ్మంలో నీడ పడింది, ఆ నీడ ఎవరిదో నాకు తెలుసు, వంగిన భుజాలు. అప్పుడు ఆపి ఉండొచ్చు. ఆపితే చేసింది తప్పని ఒప్పుకున్నట్టవుతుందని, ఆపకపోతే ఏదో మామూలు పని అన్నట్టుంటుందని, ఆ ఒక్క క్షణంలో నా బుర్ర ఎంత చురుగ్గా లెక్కేసిందో. ఆపలేదు. నీడ పడిన చోటే నేల మీద చల్లాను. మా అత్త పిల్ల మలుపు తిరిగేదాకా ఆగేది. నేను మొహం మీదే చల్లాను. కాలేజీ చదివిన దాన్ని.

కళ్ళు మండుతున్నాయి. పమిటతో తుడుచుకునేసరికి ఎదురుగా చెప్పులు, పరదా కింద చూసిన కాళ్ళే. గేటు వైపు కాదు, హాస్టల్ వైపు అడ్డదారిన వచ్చింది. పచ్చ దుపట్టా కాదు, ఊదా రంగుది. చేతిలో మడిచిన కాగితం.

"వంతు వద్దని రాసుకోనొచ్చినా" అంది జైనాబ్. "వాళ్ళు కొట్టేసేది యాల, నేనే ఇచ్చేస్తా. నువ్వు నిన్న చెప్పిపోయినావు గదా, ఆ మర్యాదకి వచ్చినా."

అరుగు మీద నుంచి లేవబోయాను, కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. కూర్చునే చెప్పాను.

"అలవాటు కాదు జైనాబ్. మైల అనుకునే చల్లినా."

ఆమె చేతిలోని కాగితాన్ని ఇంకో మడత పెట్టింది.

"నువ్వు గుమ్మంలో నిలబడిండేది చూసినా. చూసినాక కూడా చల్లినా. నువ్వు నిలబడిన చోటే."

క్షమించమని అడగాలని ఉంది. అడిగితే ఇప్పటికిప్పుడు ఆ పిల్ల ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది, నా బరువు దించడం కూడా తన పనే అవుతుంది. నోరు మూసుకున్నాను. జైనాబ్ నా పక్కన అరుగు మీద కూర్చుంది, మధ్యలో టీ గ్లాసు. రెండు మోకాళ్ళ మధ్య మొహం పెట్టుకుని ఏడ్చింది, పెద్దగా కాదు, భుజాలు మాత్రం. నేను చేయి వేయలేదు. వేసే హక్కు ఇంకా రాలేదనిపించింది.

"నేను రానిది చల్లినందుకు గూడా కాదక్కా" అంది మొహం ఎత్తి. "చూసి చల్లినావే, దానికి. చూడలేదని నువ్వు అనింటే కాగితం ఇచ్చేసి పోయిండేదాన్ని."

రామచంద్ర సారు కిటికీలోంచి తొంగిచూశాడు. "వచ్చిండారా ఇద్దరూ? రెండు నిమిషాలు ఉండాది" అన్నాడు.

జైనాబ్ దుపట్టాతో ముక్కు తుడుచుకుంది. కాగితం చించలేదు, నాకు ఇవ్వలేదు, బ్యాగులోనే పెట్టుకుంది. ఇంకో రోజు అవసరం రావచ్చు, ఆ హక్కు ఆమెకుంది.

"నాకు కోపం పోలేదు" అంది.

"పోవద్దులే."

"నాలుగు నెలలయినా పోదు."

"సరే."

"టమోటాలు ఏం పాపం చేసినాయి, లెయ్."

ఇద్దరం వంగి మొదటి క్రేటుకు చెరోవైపు చెయ్యేశాము. నేను తొందరపడి ఎత్తబోయాను.

"నిదానం అక్కా, నడుము పట్టేస్తాది" అంది జైనాబ్, కోపంగానే.